గుర్తులేనివాడు చెప్పేది అబద్ధమా?

మొన్నటి వీడియోలో గీత రెండో అధ్యాయం 63వ శ్లోకం చెప్పుకున్నాం కదా. కోపం నుంచి మోహం, దాంతో స్మృతి పోవడం, ఆపైన బుద్ధి నాశనం.

ఏళ్ల తరబడి తాగితే స్మృతి ఇంకోలా పోతుంది. ఒంటికి విటమిన్ బీ1 అందక మెదడు దెబ్బతింటుంది. 1887లో రష్యన్ డాక్టర్ సెర్గేయ్ కోర్సకోవ్ ఈ జబ్బు గురించి రాశారు. కొత్త విషయాలు గుర్తుండవు. ఆ ఖాళీని మెదడే ఓ కథతో నింపేస్తుంది. వారం నుంచి ఆస్పత్రి మంచం మీదున్న మనిషి "పొద్దున్నే గుడికెళ్లొచ్చా" అంటాడు.

ఇది అబద్ధమా? అబద్ధమాడాలంటే నిజం తెలిసుండాలి, మోసం చేయాలనుండాలి. ఇక్కడ రెండూ లేవు. ఆ తాగుడు వల్ల ఇంట్లోవాళ్లు పడ్డ బాధ మాత్రం నిజమే. దాన్ని మర్చిపొమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ "మళ్లీ అబద్ధమా?" అని నిలదీస్తే, కాసేపటికి ఆ మాటే ఆయనకి గుర్తుండదు. కోపం మనలో మిగిలిపోతుంది.

శంకరాచార్యుల భాష్యంలో స్మృతి అంటే శాస్త్రం, గురువు నేర్పింది గుర్తుండటం. ఆయన స్మృతి జబ్బుతో పోయింది. మనది కోపంతో పోకూడదు.

ఇంకో మాట. తాగే అలవాటున్నవాళ్లలో తికమక, తూలడం, చూపులో తేడా కనిపిస్తే "తాగాడులే" అని వదిలేయకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. బీ1 ఇంజెక్షన్లు త్వరగా పడితే మెదడును కాపాడుకోవచ్చు.

జై శ్రీకృష్ణ!