ఏథెన్సులో రెండు దారులు



జనవరి 2వ తేదీన తల్లి శ్రీసభ ఇద్దరు పునీతులను ఒకే రోజున స్మరిస్తుంది. ఒకరు పునీత బసిలు, మరొకరు పునీత గ్రెగోరి. ఇద్దరూ పీఠాధిపతులు, ఇద్దరూ శ్రీసభ పండితులు. నెరిసిన గడ్డాలతో ఉన్న వారి పటాలు చూసి దండం పెట్టుకుంటాము గాని, వారు కూడా ఒకప్పుడు ఇరవై ఏళ్ల కుర్రవాళ్లేనని, చదువు కోసం పరాయి పట్టణంలో దిగి బిక్కుబిక్కుమంటూ నిలబడినవారేనని మనకు తట్టదు.

ఈ వారం ఆ సంగతి ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన విచారణలలో ఏ ఇంటికి వెళ్లినా ఇదే మాట: అబ్బాయి డల్లాసు వెళుతున్నాడు ఫాదరూ, అమ్మాయికి మెల్‌బోర్నులో సీటు వచ్చింది ఫాదరూ, ప్రార్థించండి. ఫీజు గురించి, బ్యాంకు అప్పు గురించి, వీసా గురించి ఆరు నెలలు మాట్లాడుకుంటారు. ఆవకాయ సీసా పగలకుండా ఎలా కట్టాలో కూడా ఆలోచిస్తారు. అక్కడ దిగిన మొదటి వారంలో బిడ్డ పక్కన ఎవరు నిలబడతారన్నది మాత్రం చాలామంది అడగరు.

ఆ ఇద్దరిదీ కప్పదోకియా, అంటే ఈనాటి టర్కీ దేశపు నడిబొడ్డు. నాలుగవ శతాబ్దం మధ్యకాలం. పెద్ద చదువు అంటే ఆ రోజుల్లో ఏథెన్సే. గ్రెగోరి అలెగ్జాండ్రియాలో ఓడ ఎక్కాడు. వైద్యం చదువుతున్న తమ్ముడు సెసారియుసు అక్కడే ఉండిపోయాడు. సైప్రసు దాటే వేళ తుఫాను పట్టుకుంది. ఇరవై రోజులు అదే గాలి, అదే వాన. తాగే నీరు సముద్రం పాలైంది. ఫెనీషియా వర్తకుల ఓడ ఒకటి ఎలాగో దగ్గరకు వచ్చి ఆదుకొంది. పెద్దయ్యాక జ్ఞానస్నానం పొందడం ఆ కాలపు వాడుక గనుక, గ్రెగోరికి చావు భయం కంటే జ్ఞానస్నానం లేకుండా పోతానేమోనన్న భయమే ఎక్కువైంది. గట్టిగా ఏడ్చాడు. తల్లులారా, ఇది వినండి: ఆ ఓడలోనే ఉన్న ఒక కుర్రవాడికి కలలో గ్రెగోరి తల్లి నోన్నా కనిపించిందట. ఆమె సముద్రం మీద నడిచి వచ్చి ఓడను పట్టుకుని ఒడ్డుకు లాగిందట. ఈ సంగతి గ్రెగోరి స్వయంగా తన ప్రసంగంలో చెప్పాడు. విమానం ఎక్కిన బిడ్డ కోసం రాత్రంతా జపమాల తిప్పే తల్లికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

సరే, ఏథెన్సు చేరాడు. కొంతకాలానికి బసిలు కూడా వచ్చాడు. ఆ పట్టణంలో ఒక్కొక్క ఉపాధ్యాయుడి వెనుక ఒక్కొక్క విద్యార్థి ముఠా. కొత్తవాడు ఎవరైనా వస్తున్నాడంటే రేవుల్లో, దారుల్లో కాపు కాసి మా వాడంటే మా వాడని పట్టుకునేవారు. తరువాత ఎగతాళి. ఆపైన ఇద్దరిద్దరు చొప్పున వరుస కట్టి అంగడి వీధి గుండా స్నానశాలకు ఊరేగించేవారు. అక్కడికి చేరగానే కేకలు, గంతులు, తలుపులు బాదడం. కొత్తవాడి గుండె జారిపోయేదాకా ఇంతే. స్నానం అయ్యాకే తమలో ఒకడిగా లెక్క. చదువుతుంటే మన కాలేజీ హాస్టళ్లే గుర్తొస్తాయి. 1997లో మన ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగును నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. పదహారు వందల ఏళ్లు గడిచినా సీనియర్ల బుద్ధి పెద్దగా మారలేదన్నమాట!

బసిలుకు మాత్రం ఆ ఊరేగింపు తప్పింది. తప్పించినవాడు గ్రెగోరి. ముందుగా వచ్చినవాడు గనుక నలుగురితో పరిచయం ఉంది. ఇతడు నెమ్మదస్తుడు, మర్యాదగా చూడండని పాత విద్యార్థులను బతిమాలి ఒప్పించాడు. శ్రీసభలో పేరెన్నికగన్న ఆ స్నేహం అక్కడ మొలకెత్తింది. ఒక సీనియరు నోరు తెరిచి అడ్డుపడ్డాడు, అంతే.

అయినా అతడూ అన్నిటికీ సరిగా నిలబడలేదు. ఆర్మేనియా నుండి వచ్చిన కొందరు పాత విద్యార్థులు అసూయతో బసిలును వాదానికి లాగినప్పుడు, ఏథెన్సు పరువు పోతుందేమోనని గ్రెగోరి మొదట వారినే సమర్థించాడు. లోపలి కుట్ర తెలిశాక మిత్రుడి పక్షం చేరాడు.

ఆ తరువాత బసిలుకు దిగులు పట్టుకుంది. ఏథెన్సు గురించి ఎంతో ఊహించుకుని వచ్చాడు. వచ్చి చూస్తే అంతా డొల్లగా తోచింది. ఆ దిగులు ఎరుగని విద్యార్థి ఎవరు? నాన్నగారు అప్పు చేసి పంపారు గనుక "నాకు ఇక్కడ బాగాలేదు" అని ఫోనులో చెప్పలేరు. "బాగానే ఉన్నానమ్మా, తిన్నానమ్మా" అంటారు. గ్రెగోరి మిత్రుణ్ణి తిట్టలేదు, పిరికివాడని అనలేదు. ఒక చోటి మంచిచెడ్డలు నాలుగు రోజుల్లో తేలవని, కొంతకాలం పోవాలని నచ్చజెప్పాడు. ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర కాపురం పెట్టారు.

తమకు ఆ పట్టణంలో రెండు దారులే తెలుసని గ్రెగోరి తరువాత రోజుల్లో చెప్పుకున్నాడు. మొదటిది దేవాలయానికి, అక్కడి బోధకుల వద్దకు. రెండవది బడికి. విందులకు, నాటకశాలలకు పోయే దారులను కోరినవారికి వదిలేశారు. అలాగని గది తలుపు వేసుకుని కూర్చున్నవారు కాదు. వారి చుట్టూ మంచి మిత్రబృందమే చేరింది. విదేశంలో బిడ్డ నలుగురితో తిరిగితే చాలు చెడిపోయాడని బెంగపడే తండ్రులు ఈ మాట గమనించాలి.

అవే వీధుల్లో 355లో మరో యువకుడు తిరిగాడు. అతడు జూలియను, తరువాత రోమా చక్రవర్తి. 362లో క్రైస్తవులు ఉపాధ్యాయులుగా ఉండరాదని శాసించినవాడు. ఏథెన్సు అతణ్ణి చెడగొట్టిందని అనడానికి వీలులేదు. అక్కడికి రాకముందే విశ్వాసాన్ని లోలోపల వదిలేశాడు. చిన్ననాడే తన కుటుంబాన్ని క్రైస్తవ రాజవంశపు సైనికులు నరికివేయగా మిగిలిన పిల్లవాడు అతడు. కాబట్టి అమెరికాను, ఆస్ట్రేలియాను నిందించే ముందు, బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు దేవుని గురించి మన నోట ఏమి విన్నాడో, మన చేతల్లో ఏమి చూశాడో కూడా తలచుకోవాలి.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటుంది. ఇప్పటికే విదేశాల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులారా, ఈసారి ఫోను చేసినప్పుడు "మన విచారణ నుండి ఫలానా వారి అబ్బాయి మీ ఊరికే వస్తున్నాడు, విమానాశ్రయానికి వెళ్లగలవా" అని అడగండి. వెళ్లబోయే వారి పేరు, ఊరు, ప్రయాణపు తేదీ విచారణ గురువులకు ముందుగా తెలియజేయండి. దిగిన మొదటి ఆదివారం బిడ్డకు నిద్ర వేళలు తారుమారై ఉంటాయి, బస్సులు తెలియవు, దేవాలయం ఏ వీధిలో ఉందో తెలియదు. ఆ ఒక్క ఆదివారం ఎవరైనా గది తలుపు తట్టి "పద, పూజకు వెళదాం" అంటే రెండవ ఆదివారం తనంతట తానే వెళతాడు.