ఆరా కాదు, ఆదరం

పదవీ విరమణ రోజున మెడలో పూలదండ, భుజాన శాలువా, చేతిలో జ్ఞాపిక. నాలుగు మంచి మాటలు, ఒక గ్రూప్ ఫోటో. మరునాటి ఉదయం నుండి మాత్రం ఒక ప్రశ్న వెంటబడుతుంది: "ఇక మీకేం పని మాస్టారూ?" అడిగేవారు సరదాగానే అడుగుతారు. వినేవారికి అది ముల్లులా దిగుతుంది. ఎందుకంటే ఆ ప్రశ్న వెనుక మరొకటి దాగి ఉంది. పని లేని మనిషికి విలువ ఏమిటి?

ప్రభుత్వం లెక్క వేరు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించారు. వేలాది మంది అనుకోకుండా ఇంటిదారి పట్టారు. తరువాత అది మళ్ళీ 58 అయింది. రాష్ట్ర విభజన జరిగిన 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో 60కి, 2022లో 62కు పెరిగింది. తెలంగాణలో 2021లో 61 చేశారు. అంటే 55 ఏళ్ళ మనిషి ఒక ఉత్తర్వు ప్రకారం ఇంటికి వెళ్ళవలసినవాడు, మరొక ఉత్తర్వు ప్రకారం ఇంకా ఏడేళ్ళ సర్వీసు ఉన్నవాడు. ఉద్యోగం ఎప్పుడు ముగియాలో ఉత్తర్వు చెప్పగలదు. మనిషి ఎప్పుడు పనికిరాకుండా పోతాడో చెప్పే ఉత్తర్వు ఏదీ లేదు.

అలా తీరిక దొరికినవారిలో కొందరు పెరట్లో మొక్కలు పెంచుతారు. కొందరు పిల్లలు కొనిచ్చిన ఫోనుతో ఫోటోలు తీస్తారు. కొందరు సాయంకాలం నడకకు వెళ్ళి, ఈ వీధికి ఆ పేరు ఎలా వచ్చింది, ఆ రావిచెట్టు ఎవరు నాటారు అని తెలుసుకుంటూ ఉంటారు. చూసేవారు దీనిని కాలక్షేపం అంటారు. చేసేవారు కూడా కొంచెం సిగ్గుపడుతూ అదే మాట అంటారు. ఇది నిజంగా కాలక్షేపమేనా? లేక ఇందులో మన నడవడికి సంబంధించిన సంగతి ఏమైనా ఉందా?

ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ తీరిక ఎవరిది? "ముప్పై ఏళ్ళు కష్టపడ్డాను, సంపాదించుకున్నాను" అంటాం. అది సగం నిజం. పొలంలో నాట్లు వేసే కూలీకి, మగ్గం మీద కూర్చునే నేతగానికి పదవీ విరమణ తేదీ లేదు. ఒళ్ళు వంగనని మొరాయించిన రోజే వారికి విరమణ. అంత దూరం ఎందుకు? మన ఇంట్లోనే చూద్దాం. భర్త రిటైరయ్యాడు, భార్య ఎప్పుడు రిటైరయింది? పొద్దున్నే కట్టవలసిన క్యారియర్ తప్పింది. దాని స్థానంలో పదకొండు గంటల టీ, మధ్యాహ్నం వేడివేడి భోజనం వచ్చి చేరాయి. ఆమెకు శాలువా కప్పిన సభ ఏదీ లేదు. కనుక మన తీరిక మన ఒక్కరి ఆస్తి కాదు. దాని కింద ఇతరుల చెమట ఉంది. దానిని అప్పుగా భావించి వాడుకుంటే అందం. అంత ఆసక్తిగా ఊరంతా చూసి వచ్చే కళ్ళు ముందు వంటింటి వైపు తిరగడం న్యాయం.

తీరిక ఉన్న కళ్ళు రెండు విధాలుగా చూడగలవు. ఎదురింటికి ఎవరు వచ్చారు, పక్కింటి అమ్మాయి ఎన్నింటికి ఇల్లు చేరింది అని అరుగు మీద కూర్చుని లెక్క వేయడం ఒక విధం. దానిని మనం ఆరా తీయడం అంటాం. చూసినదాని మంచి కోరి చూడడం రెండవ విధం. దానికి ఆదరం అని పేరు పెట్టుకుందాం. రెండింటికీ కావలసింది తీరికే, కుతూహలమే. ఆరా తీసేవాడు చూసినదానిని తన మాటలకు మేతగా వాడుకుంటాడు. ఆదరంతో చూసేవాడు తన కాలాన్ని, కష్టాన్ని దానికి ఇస్తాడు.

ఈ తేడాను మొక్క బాగా నేర్పుతుంది. రాజమహేంద్రవరం వైపు వెళ్ళినవారు కడియపులంక నర్సరీలలో ఆగి ఒకటో రెండో మొక్కలు తెచ్చుకోకుండా రారు. తెచ్చిన కొత్తలో ప్రేమ పొంగి, పూటపూటా నీళ్ళు పోస్తారు. కుండీలో నీరు నిలిచి, వేళ్ళకు గాలి అందక, మొక్క కుళ్ళిపోతుంది. అది ఎండి పోలేదు, మన ఆత్రం వల్ల పోయింది. మొక్కకు ఏం కావాలో చూడకుండా మనకు ఇష్టమైనది చేస్తే జరిగేది ఇదే. మట్టిలో వేలు పెట్టి తడి చూసిన తరువాతే నీళ్ళు పోయడం చిన్న పనే కాని, అందులో వినయం ఉంది. పిల్లల సంసారాలకు సలహాలు పోసే పెద్దలకు కూడా ఇది పనికివచ్చే పాఠం.

కరివేపాకు మొక్క మీద ఒక్కొక్కప్పుడు పక్షి రెట్టలాంటి చిన్న పురుగు కనిపిస్తుంది. నాలుగు రోజులకు అది ఆకుపచ్చగా లావెక్కి, లేత ఆకులన్నీ తినేస్తుంది. దులిపి పారేయవచ్చు. లేదా రెండు రెమ్మలు దానికి వదిలి చూడవచ్చు. కొన్నాళ్ళకు అది గూడు కట్టి, సీతాకోకచిలుక అయి ఎగిరిపోతుంది. పప్పులోకి కరివేపాకు కొంచెం తగ్గుతుంది. ఆ మొక్క మన ఒక్కరి కోసమే లేదని మాత్రం తెలిసివస్తుంది.

ఫోటో సంగతి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. ఒకప్పుడు రీలులో 36 ఫోటోలు వచ్చేవి. కడిగించడానికి డబ్బు అయ్యేది కనుక నొక్కే ముందు ఆలోచించేవారు. ఇప్పుడు ఫోనుకు ఆ అదుపు లేదు. సంతలో కూరలమ్మే ముసలమ్మ ముడతల ముఖం అందంగా కనిపిస్తుంది, క్షణంలో ఫోటో అయిపోతుంది. ఆమెను అడిగామా? ఆ ముఖం ఆమెది. ఆమె పేదరికం మన గోడకు అలంకారం కాదు. "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా?" అని అడిగి, ఆమె వద్దంటే నమస్కారం పెట్టి వెళ్ళిపోవడం మర్యాద. సరే అంటే, వచ్చే వారం ఒక ప్రతి తెచ్చి ఆమె చేతిలో పెట్టడం ఆదరం. చాలా మంది పేదల ఇళ్ళలో అమ్మమ్మ ఫోటో ఒక్కటి కూడా ఉండదు. ఆ ఒక్క కాగితం ఆ ఇంటికి ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఊరిని గురించిన ఆసక్తికి మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. రెండు వందల ఏళ్ళకు పూర్వం కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి కింద పని చేసిన కావలి సోదరులు, వారి అనుచరులు తెలుగునాట ఊరూరా తిరిగారు. కరణాలను, పెద్దలను అడిగి గ్రామాల సంగతులు రాయించారు. వాటినే కైఫీయతులు అంటారు. నేడు ఎన్నో గ్రామాల పాత కథలకు అవే ఆధారం. మెకంజీ పేరు నిలిచింది. కావలి బొర్రయ్య పేరు తెలిసినవారు తక్కువ. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట విషయంలోనూ అంతే. కాటన్ దొర పేరు పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయన కింద శ్రమించిన వీణెం వీరన్న పేరు ఎందరికి తెలుసు? రాళ్ళు మోసినవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

తీరిక ఉన్న పెద్దలు చేయగల పని ఇక్కడ ఉంది. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 17.75 అడుగులు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నది మళ్ళీ ఆ మట్టం దాటింది. ఈ అంకెలు కార్యాలయాల పుస్తకాలలో ఉంటాయి. అయితే మా వీధిలో నీరు ఏ మెట్టు వరకు వచ్చింది, ఎవరి డాబా మీద ఎందరు తలదాచుకున్నారు, ఎవరు పడవ తెచ్చారు అనేవి ఆ పుస్తకాలలో ఉండవు. చూసినవారితోపాటే అవి పోతాయి. ఆ మెట్టును ఒక ఫోటో తీసి, తేదీ, చోటు, చెప్పినవారి పేరు రాసి ఉంచితే, ఏనాడో కొత్తగా ఇల్లు కట్టుకునే వాడికి అది మేలు చేస్తుంది.

"పువ్వులు, ఫోటోలు సరే, పొరుగువాడికి సాయం చేయడం అంతకంటే మంచిది కాదా?" అని అడగవచ్చు. మంచిదే. కాని సాయం చేయాలంటే ముందు చూడాలి కదా! ఒంటరిగా ఉండే పెద్దావిడ గుమ్మంలో పాల ప్యాకెట్టు తొమ్మిదింటికి కూడా అలాగే ఉంది. ఆరా తీసేవాడికి అది కనిపిస్తుంది, నలుగురితో చెబుతాడు. ఆదరం ఉన్నవాడికీ కనిపిస్తుంది, వెళ్ళి తలుపు తడతాడు. మొక్క వాడిన సంగతి పొద్దున్నే గుర్తించడం అలవాటైన కళ్ళకు మనిషి వాడిన సంగతి కూడా తొందరగా తెలుస్తుంది.

చివరకు ఒక రోజు వస్తుంది. మోకాళ్ళు కుండీల దగ్గర కూర్చోనివ్వవు. చేయి వణికి ఫోటో చెదురుతుంది. నడక వీధి చివర నుండి వరండాకు కుదించుకుపోతుంది. తోటను, కెమెరాను కూడా మరో ఉద్యోగంగా, మన విలువకు సర్టిఫికెట్టుగా పట్టుకుని ఉంటే, ఆ రోజు రెండవసారి రిటైరవుతాం, మొదటిసారి కంటే ఎక్కువగా కుంగిపోతాం. కాయ కాయని మొక్కను కూడా పీకేయకుండా నీళ్ళు పోసినవారికి, కాగితానికి ఎక్కని మనుషుల పేర్లు అడిగి రాసుకున్నవారికి ఒక సత్యం తెలిసి ఉంటుంది. దేని విలువా అది ఇచ్చే ఫలంతో ముగిసిపోదు. ఆ మాట తమకు కూడా వర్తిస్తుందని వారు నమ్మగలరు. మరొకరు చేయి పట్టి లేవనెత్తితే సిగ్గుపడకుండా అందుకోగలరు.

కనుక ఈసారి ఎవరైనా "ఇక మీకేం పని?" అని అడిగితే చిన్నబుచ్చుకోనక్కరలేదు. చూడడం మన పని అని చెప్పవచ్చు. పదకొండు గంటల టీ మాత్రం ఆమెకు కూడా కలిపి మనమే పెడదాం.