పొదుపు పాఠం ఎవరికి?

2000 మే నెలలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'నీరు-మీరు' కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే మా విద్యార్థినులని వెంటబెట్టుకుని విజయనగరం జిల్లాలోని ఒక పల్లెకి వెళ్ళాను. నీళ్ళు పొదుపుగా ఎలా వాడుకోవాలో ఆడవాళ్ళకి చెప్పడం మా పని. బియ్యం కడిగిన నీళ్ళు పాదులకి పొయ్యమని, అంట్లు తోమిన నీళ్ళు పెరట్లోకి మళ్ళించమని చెప్పుకుపోతున్నాను. బిందె చంకనెత్తుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ అంతా విని, "నువ్వు సెప్పినియ్యన్నీ మావు సేస్తన్నవే గదమ్మా. పొలంకాడ మోటారు ఏసీవోలకి ఎవులు సెప్తారు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

వృధా చేసే వీలుండి కూడా చేయకపోతే దాన్ని సుగుణం అనవచ్చు. నాలుగు బిందెలు మోసి తెచ్చుకున్న మనిషి ఆచితూచి వాడుకోవడం సుగుణమా, గత్యంతరం లేకపోవడమా? గత్యంతరం లేనివాళ్ళకే మనం నీతి బోధిస్తున్నామేమో!

మరి నీటి మీద నిర్ణయం ఎవరిది? 1997లో వచ్చిన సాగునీటి యాజమాన్య చట్టం నీటి సంఘాల్లో ఓటుని భూమి ఉన్నవాళ్ళకీ, రికార్డులకెక్కిన కౌలుదార్లకీ ఇచ్చింది. మిగతా వాడకందార్లకి సభ్యత్వమైతే ఇచ్చింది గానీ ఓటు ఇవ్వలేదు. మన ఊళ్ళలో పట్టా ఎక్కువగా మగవాడి పేరునే ఉంటుంది. ఊడ్చేదీ, కలుపు తీసేదీ ఆడదైనా కాలువ నీళ్ళ గురించి ఆమెకి ఓటు లేదు. పొదుపు పాఠం మాత్రం ఆమెకే.

2003 ఖరీఫ్‌లో మన రాష్ట్రానికి వచ్చిన 'శ్రీ' వరినే చూడండి. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల లేత నారు ఒక్కో మొక్కే దూరదూరంగా నాటి, మడిలో నీరు నిలగట్టకుండా తడిపి ఆరబెడతారు. నీరు ఆదా అవుతుంది, నిజమే. అయితే నిలవ నీరు కలుపుని అణిచి ఉంచుతుంది. ఆ నీరు తీసేస్తే కలుపు పెరుగుతుంది. వీడర్ తిప్పినా మొక్క మొదట్లోది చేత్తోనే తియ్యాలి. ఆ వంగిన నడుము ఎవరిది? మిగిలిన నీటిని లెక్కగట్టే మనం ఆమె పనిదినాలని కూడా ఆ లెక్కలో రాయాలి కదా.

అలాగని నీటి పొదుపు గురించి చెప్పొద్దని కాదు. వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఈ జిల్లాల్లో కూడా వేసవికి బావులు అడుగంటుతాయి. భూమి కింద నీరు అందరిదీ. చెప్పాల్సిందే. ముందు మోటారు స్విచ్చి ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి చెప్పాలి. మోసేవాళ్ళకి ఓటు ఇచ్చి, ఆ తర్వాత మాట్లాడాలి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ పల్లె నుంచి వచ్చిన మర్నాడు, కుళాయి కట్టెయ్యలేదని మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయిని కసిరాను. వాళ్ళ వీధి మొత్తానికి ఒక్కటే కుళాయి. ఆమెని కసిరి లోపలికెళ్ళి, పావుగంట షవర్ కింద నిలబడ్డాను. ఆ పెద్దావిడ అడిగిన మోటారు పొలంలోనే కాదు, మా డాబా మీద కూడా ఉంది.