దుబారా అని దేన్ని అనాలి?

‘ఫలానావాళ్ళ కోడలు పెద్ద దుబారా మనిషి’ అనే మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. ఏం చేసిందని అడిగితే, వితంతువైన అక్కకు నెలనెలా కాస్త బియ్యం, నూనె పంపుతుందట. అదే ఇంట్లో కొడుకు వలీమాకు 18 రకాల వంటకాలు పెడితే దాన్ని మాత్రం దుబారా అనరు, ఇజ్జత్ అంటారు.

ఉర్దూ చదివి వచ్చినవారికి ఈ మాట మొదట్లో తికమకగా ఉంటుంది. ఉర్దూలో ‘దోబారా’ అంటే మళ్ళీ, రెండోసారి అని అర్థం. తెలుగులో దుబారా అనేదాన్ని ఉర్దూలో ఫుజూల్ ఖర్చీ అంటాం. దివ్య ఖుర్‌ఆన్ ఇందుకు రెండు మాటలు వాడింది: ఇస్రాఫ్, తబ్జీర్.

ఇస్రాఫ్ అంటే హద్దు దాటడం. అది డబ్బుకే పరిమితం కాదు. ఫిరౌన్ దౌర్జన్యానికీ, లూత్ (అలైహిస్సలాం) జాతివారి పాపానికీ అదే మాట వచ్చింది. అఅరాఫ్ సూరా 31వ ఆయత్‌లో తినండి, తాగండి అని అనుమతించిన వెంటనే హద్దు మీరవద్దనే ఆదేశం ఉంది. అంటే హలాల్‌లోనూ హద్దు ఉందన్నమాట.

తబ్జీర్‌కు మూలం ‘బజ్ర్’, అంటే విత్తనం. విత్తనాలు వెదజల్లడమే తబ్జీర్. రైతు దున్నిన చేలో గింజలు చల్లితే అది సేద్యం. అవే గింజలు బండరాతి మీద చల్లితే? గింజ అదే, చెయ్యి అదే, చోటు మాత్రం మారింది. అందుకే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) హక్కు కాని చోట ఖర్చు పెట్టడమే తబ్జీర్ అని వివరించారు. తర్వాతి తరానికి చెందిన ముజాహిద్ (రహ్మ) ఇంకా విడమరిచి చెప్పారు: ఒకడు తన సంపదంతా న్యాయమైన మార్గంలో వెచ్చించినా తబ్జీర్ కాదు, అన్యాయమైన దానికి ఒక్క ముద్ద్ వెచ్చించినా తబ్జీరే. ముద్ద్ అంటే ఒక దోసెడు. దైవప్రవక్త (స) అన్ని నీళ్ళతోనే వుజూ చేసేవారు. కుళాయి విప్పి కబుర్లలో పడేవారు గమనించాలి.

అలాగని పిల్లల్ని పస్తు పెట్టి దానాలు చేయమని కాదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తిలో అధికభాగం దానానికి రాయబోతే, దైవప్రవక్త (స) మూడో వంతుకు మించనివ్వలేదు.

బనీ ఇస్రాయీల్ సూరా 26వ ఆయత్ చూడండి. బంధువుకు, నిరుపేదకు, బాటసారికి వారి ‘హక్కు’ ఇవ్వమని ఆదేశం. దానం అనలేదు, హక్కు అంది. అదే ఆయత్ చివర దుబారా చేయవద్దని ఉంది. దుబారాపరులు షైతానుల సోదరులన్న మాట ఆ తర్వాతి ఆయత్‌లోది. ఈ కొలతతో చూస్తే ఆ కోడలు పంపే బియ్యం బంధువు హక్కు. భర్త సొమ్ములోంచి పంపుతుంటే అతని అనుమతి ఉండాలి, అది వేరే సంగతి.

ఇక మన పెళ్ళిళ్ళు. ఫంక్షన్ హాలుకు నగదు, లైటింగుకు నగదు, వీడియోకు నగదు. నికాహ్ వేళ ఖాజీ సాహెబ్ మహర్ ఎంత, ఎప్పుడిస్తారని అడిగితే మాత్రం ‘ఉధార్’! హజ్రత్ సఫియ్యా (రజి) గారి వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. ఖర్జూరం, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి వడ్డించారు. ఆ వలీమాకు ఏం లోటు వచ్చింది? గడువు పెట్టి ఇచ్చే మహర్ షరీఅత్‌లో చెల్లుతుంది, కాదనను. కానీ ఇచ్చే ఉద్దేశమే లేకుండా అంకె రాయించి, చివరకు భర్త జనాజా లేచే వేళ ఏడుస్తున్న ఆ ఇల్లాలి దగ్గరికి నలుగురు వెళ్ళి ‘మహర్ మాఫ్ చేశానను’ అంటారే, అది ఎక్కడి న్యాయం? నిసా సూరా 4వ ఆయత్ ప్రకారం స్త్రీ తన సంతోషంతో వదులుకున్నదే భర్తకు హలాల్. శవం పక్కన, నలుగురి ముందు, కాదనలేని స్థితిలో ఆమె ఊపిన తల సంతోషం కాదు.

చెల్లించని మహర్ అప్పు. భర్త చనిపోతే వారసులు ఆస్తి పంచుకోకముందే తీర్చవలసిన అప్పు. నికాహ్‌నామా ఇంట్లో ఏ బీరువాలోనో ఉంటుంది, తీసి అందులోని అంకె చూసుకోండి.