ఇసుకలో పుట్టిన రక్ష

ప్రాచీన ఈజిప్టులో బతికినవాళ్లు ఒంటిమీద ధరించిన, మమ్మీ కట్ల మడతల్లో దాచిన తాయెత్తుల్లో చాలా భాగం ఫయాన్స్‌తో చేసినవి. మామూలు కుండల్లా ఇది బంకమన్నుతో తయారయ్యేది కాదు. పలుగురాతి పొడిలోనో ఇసుకలోనో కొద్దిగా సున్నం, నేట్రాన్ లవణం లేదా మొక్కల బూడిద, రంగుకోసం రాగి పదార్థం కలిపి ముద్ద చేసేవారు. ముద్ద ఆరేకొద్దీ లోపలి లవణాలు తేమతోపాటు పైకి చేరి పొరకడతాయి. బట్టీలో ఆ పొరే కరిగి నీలిపచ్చ గాజుపూత అవుతుంది. పూతను విడిగా పూసే పద్ధతీ ఉండేది గానీ, లోపలినుంచి వెలికివచ్చే ఈ మెరుపే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. చనిపోయినవాళ్లు మళ్లీ చిగురించాలని కోరుకున్న జనానికి, నిప్పులో పడి పచ్చబడే ఇసుక వట్టి ముడిసరుకుగా కనిపించి ఉండదు.

1891–92లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని అమర్నాలో తవ్వకాలు జరిపినప్పుడు ఫయాన్స్ నగల, తాయెత్తుల మట్టి అచ్చులు వేలల్లో దొరికాయి. ఒకే అచ్చులోంచి ఎన్ని బొమ్మలు వచ్చినా దైవశక్తి పలచబడుతుందన్న శంక వాటిని చేసినవాళ్లకు ఉన్నట్టు కనిపించదు.

తాయెత్తు రూపాలన్నిటిలో లోతైనది హోరస్ దేవుడి కన్ను. సేత్ అనే దేవుడితో పోరులో ఆ కన్ను గాయపడింది. మరో దేవుడు థోత్ దాన్ని బాగుచేశాడు. దెబ్బే ఎరగని కన్ను ఏ దేవుడికైనా ఉంటుంది. దెబ్బతిని నయమైన కన్నునే రక్షగా కట్టుకోవడంలో, బాధ తప్పదని ఒప్పుకున్న ధైర్యం ఉంది. మమ్మీ చేసేటప్పుడు శవం పొట్టమీద కోత పెట్టినచోట కప్పే రేకుమీదా ఆ కన్నే చెక్కేవారు.

గర్భిణులను కాచే దేవత తవెరెత్‌ది నీటిగుర్రం దేహం, సింహం పంజాలు, వీపున మొసలి. నైలు తీరంలో మనుషుల ప్రాణాలు తీసే జంతువులే ప్రసవవేళ కాపలాకు నిలిచాయి. మరుగుజ్జు దేవుడు బేస్ కూడా వికృత ముఖంతో పసిపిల్లల దగ్గరికి కీడును రానివ్వడు. గుడికన్నా ఇంటికే దగ్గరైన దేవతలు వీళ్లు.

అంత్యక్రియల మంత్రాలు కూర్చిన మృతుల గ్రంథం కొన్ని తాయెత్తులకు ఏ పదార్థం వాడాలో స్పష్టంగా చెబుతుంది: 155వ అధ్యాయం జెద్ స్తంభానికి బంగారం, 156వది ఐసిస్ ముడికి ఎర్ర జాస్పర్ రాయి. అయినా ఈ రెండూ ఫయాన్స్‌లో విస్తారంగా దొరుకుతున్నాయి. సైనాయ్ టర్కాయిజ్ రాళ్లు, అఫ్ఘానిస్తాన్‌నుంచి వచ్చే లాపిస్ లాజులి నీలిరాళ్లు కొనలేని ఇంటికి వాటి రంగును ఇసుక, రాగి అందించాయి. ఖరీదైన రాయి లేనంత మాత్రాన ఆ ఇంటి మృతులకు పరలోకంలో రక్ష కరువవుతుందని ఆ మతం అనుకోలేదు.