సామాన్యము, విశేషము, సైనికుని బ్యాటరీ

ఒక వస్తువు తన పనికి మిక్కిలి తగిన రూపమును విడిచి, పదుగురికి పనికివచ్చు రూపమును ధరించుట ధర్మమా, ధర్మచ్యుతియా అను ప్రశ్నను మన పెద్దలు మనుష్యుల విషయమున ఎంతయో విచారించిరి గాని, వస్తువుల విషయమున విచారింపవలసిన అగత్యము వారికి కలుగలేదు. మనకు కలిగినది. సైనికుడు మోయు ఎలక్ట్రానిక్ పరికరములకు ఉమ్మడి బ్యాటరీ ఉండవలయునను ఆలోచన పైపైన చూచువారికి సరకుల లెక్కగా తోచును. లోతునకు దిగి చూచినచో స్వధర్మమునకును లోకసంగ్రహమునకును నడుమనున్న పాత చిక్కే అందును కనబడును.

ఈ చిక్కు ఎట్లు పుట్టునో హైదరాబాదులో చూడవచ్చును. అందలి ఉప్పల్ నుండి వరంగల్లు బాటను పోచారము వైపు పోవువారికి ఎడమచేతి దిక్కున నాచారము, చర్లపల్లి పారిశ్రామికవాడలు కలవు. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున వెలసిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కూడ ఆ దాపుననే కలదు. నగరమునకు ఆవలి కొసన డీఆర్‌డీఎల్, డీఎల్‌ఆర్‌ఎల్ అను రక్షణ ప్రయోగశాలలు 1960ల నుండియు, క్షిపణులు చేయు భారత్ డైనమిక్స్ 1970 నుండియు పనిచేయుచున్నవి. 1977లో మొదలైన బ్యాటరీల సంస్థ హెచ్‌బీఎల్ విమానముల నికెల్–కాడ్మియం బ్యాటరీలతో ఆరంభించి టార్పెడోల బ్యాటరీల వరకు సాగినది. ఇందరు శిల్పులున్న చోట ఎవరి పరికరమునకు తగిన బ్యాటరీని వారు కోరుకొనుట సహజము. రేడియో చేయువానికి, మాట పంపు క్షణమున ఎక్కువ కరెంటు నీయగల బ్యాటరీ కావలయును. రాత్రిచూపు అద్దములు చేయువానికి తలమీద బరువు కానిది కావలయును. ఎవరి ఎన్నిక వారికి ఒప్పే. ఆ ఒప్పులన్నియు ఒక్క సంచిలో చేరినప్పుడు మోయువానికి అవి తగని భారమగుచున్నవి. ఈ వస్తుబాహుళ్యమును అదుపులో ఉంచుటకే మన రక్షణశాఖ 1962లో ప్రమాణీకరణ కార్యాలయమును నెలకొల్పినది.

మంచుకొండలపై కాపలా కాయు జవానును తలచుకొనుడు. చలికి బ్యాటరీలోని రసాయనక్రియ మందగించి శక్తి సన్నగిల్లును గనుక, అతడు దానిని అంగీలోపల ఒంటికి ఆనించి వెచ్చగా దాచుకొనును. అట్లు దాచుకొన్నది రాత్రిచూపు అద్దములదై, ఆరిపోయినది పక్కవాని రేడియోదైనచో, ఇత్తమను మనసు ఉండియు ఇచ్చుటకు వీలులేదు: వోల్టేజి వేరు, కొలత వేరు, ఆ రెండును కలిసినను కనెక్టరు వేరు. మన ఇండ్లలో గోడగడియారము ఆగినపుడు టీవీ రిమోటులోని పెన్సిల్ సెల్లును ఊడదీసి అందు వేయుట పిల్లలకును తెలిసిన పని. ప్రాణము మీదికి వచ్చిన చోట ఆ పాటి సౌలభ్యము లేకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. దానమును గూర్చి మన శాస్త్రములు దాతను, ప్రతిగ్రహీతను, దేశకాలములను పరీక్షించినవి. వస్తువునకు మరియొక యోగ్యత కావలయునని నా తలపు: అది ఒకని చేతినుండి మరియొకని చేతికి పోయి అక్కడ పనిచేయగలదై ఉండవలయును. మిక్కిలి శ్రేష్ఠమైనదై ఎవరికిని ఈయరాని బ్యాటరీ కంటె, కొంచెము తక్కువదైనను ఈయదగిన బ్యాటరీయే ధర్మమునకు దగ్గర.

వైశేషికులు పదార్థములను ఎన్నుచు సామాన్యమునకును విశేషమునకును వేరువేరు స్థానములు ఇచ్చిరి. అనేక వ్యక్తులయందు అనుగతమై ఒక్కటిగా ఉండునది సామాన్యమనియు, అది ముందే ఉన్నదనియు, బుద్ధి దానిని గుర్తించుటయే గాని కల్పించుట లేదనియు వారి మతము. బ్యాటరీల సామాన్యము అట్టిది కాదు. దానిని మనుష్యులు కూర్చుండి, వాదులాడి, కొంత విడిచి, కొంత పట్టి కల్పింపవలయును. ఉన్న సత్యమును ఎరుగుట జ్ఞానమగును. లేని ఐక్యమును ఒడంబడికతో నిలుపుట కర్మ. అందుచేత దీనిని తర్కశాస్త్రమునందు కంటె ధర్మశాస్త్రమునందు చేర్చి విచారించుటయే యుక్తమని తలచెదను.

ఉమ్మడితనమునకు ఒక అపాయము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. అమెరికా సైన్యమున బీఏ–5590 అను లిథియం–సల్ఫర్ డయాక్సైడు బ్యాటరీ, ఇంచుమించు కిలో తూగునది, రేడియోలకును ఇంకను అనేక పరికరములకును ఉమ్మడి అన్నము వంటిదయ్యెను. 2003లో ఇరాకు యుద్ధమున వాడుక ఒక్కసారిగా పెరిగి, శాంతికాలమున దాచిన నిల్వయు, కర్మాగారముల ఉత్పత్తిశక్తియు చాలక, అది దాదాపు అడుగంటినది. వేరువేరు బ్యాటరీలు ఉన్నచోట ఒకటి కరవైన ఒక పరికరము మూగవోవును. ఒక్కటే ఉన్నచోట అన్నియు ఒక్కసారి మూగవోవు భయము కలదు. దీనిని చూపి ఉమ్మడితనమే తప్పనువారితో నేను ఏకీభవింపను. పదిమంది ఒక్క బావిని నమ్ముకొన్నప్పుడు బావి కాచువాని బాధ్యత పదింతలగును. బావి దోషము కాదు.

అయినను స్వధర్మమునే పట్టుకొని ఉండవలసిన బ్యాటరీలు కొన్ని కలవు. ఫిరంగిగుండు తలలో అమర్చు ఎలక్ట్రానిక్ ఫ్యూజులను ఈసీఐఎల్‌లో చేయుదురు. అట్టి ఫ్యూజులలో కొన్నిటియందు విద్యుద్ద్రవమును చిన్న గాజుగుళికలో బంధించి ఉంచుట కలదు. ఫిరంగి పేలి గుండు వెలువడు అదురుకు గుళిక పగిలి, గిరగిర తిరుగు వేగమునకు ద్రవము పలకల నడుమ పరచుకొని, అప్పుడు మాత్రమే కరెంటు పుట్టును. క్షిపణులలోని థర్మల్ బ్యాటరీలోనైతే గట్టి ఉప్పు సంవత్సరముల తరబడి నిద్రించి, ప్రయోగసమయమున లోపలి మందు మండిన వేడికి కరగి, కొలది క్షణములో నిమిషములో పనిచేసి ముగియును. వీనిని ఎవడును ఎవనికిని ఇచ్చునది లేదు. ఇవి పుట్టుకనుండియే ఒక్క పనికి సమర్పితములు. కావున ఏది ఉమ్మడి కావలయును, ఏది విశిష్టముగా ఉండవలయును అను విభాగము రసాయనమును బట్టి కాక, అది మనుష్యుల నడుమ చేతులు మారవలసినదా, కాదా అనుదానిని బట్టి జరుగవలయును.

ఇంక త్యాగము ఎవరిదను విచారము మిగిలియున్నది. ఉమ్మడి బ్యాటరీకి ఒప్పుకొన్న శిల్పి తన పరికరము కొంత లావెక్కుటను సహించును; ఆ లావును కొండమీదికి మోయువాడు జవాను. శిల్పి విడిచినది తన రచనలోని అందమును, జవాను ఇచ్చునది తన భుజబలమును. ప్రమాణములు నిర్ణయించు సభలో శిల్పులును, అధికారులును, తయారీదారులును కూర్చుందురు గనుక, చలిలో బ్యాటరీని ఒంటికి ఆనించి కాచినవానికి కూడ ఆ సభలో ఒక పీట వేయవలయును. రెండు వందల గ్రాముల అదనపు బరువు తనకు సమ్మతమా, కాదా అని అతనిని అడిగిన పిమ్మటనే కొలతలు వ్రాయవలయును.