అమ్మ వేలిముద్ర

వాక్యభాగములు: యిర్మీయా 32:6–15, యోహాను 19:23–27



షోలాపూర్‌లోను, భివండి, సూరత్, ముంబయి పట్టణములలోను మగ్గముల చప్పుడు మధ్య జీవించుచున్న మన తెలుగు కుటుంబములకు ఈ మారు వాక్యముతోపాటు నా ఇంటి సంగతి ఒకటి వ్రాయుచున్నాను. ఇంటి సంగతి పదిమందిలో చెప్పుకొనుట నాకు సులువు కాదు. కాని దాచిపెట్టినందువలన ఎవరికి మేలు?

యిర్మీయా ప్రవక్త చెరసాల ప్రాకారములో బంధింపబడియున్నాడు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. నేడో రేపో పట్టణము కూలనున్నది. అట్టి సమయమున ఆయన తన పినతండ్రి కుమారుడైన హనమేలు వద్ద అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. కొనుటే వింత. దానికంటె వింత, ఆయన కాగితము విషయములో చూపిన జాగ్రత్త. క్రయపత్రము వ్రాయించెను, సాక్షులను పిలిపించెను, వెండి తూచి యిచ్చెను. పత్రములు రెండు: ఒకటి ముద్ర వేసినది, ఒకటి తెరచియున్నది. రెండింటిని బారూకు చేతికిచ్చి, చాలా దినములు చెడకుండునట్లు మట్టికుండలో పెట్టించెను. దేవుని మాట నేరుగా విన్న ప్రవక్తయే “దేవుడు చూచుకొనును, కాగితమెందుకు” అని ఊరకుండలేదు. మనము మాత్రము అట్లే ఊరకున్నాము. నేనును ఊరకున్నాను.

నా తమ్ముడు నాకంటె తొమ్మిదేండ్లు చిన్నవాడు. నేను టీచర్ ట్రైనింగు చేసి తెలుగు బడిలో లెక్కలు చెప్పుకొంటిని. వాడు మా నాయన వలె మగ్గము పట్టెను. మొదట పరాయి కార్ఖానాలో టవళ్లు నేసెను. తరువాత అప్పు చేసి రెండు పవర్‌లూములు పెట్టుకొనెను, అవి నాలుగాయెను. ఆ మొదటి రెండు మగ్గములకు కట్టిన సొమ్ములో సగము మా అమ్మది. నలుబది ఏండ్లు బీడీలు చుట్టి కూడబెట్టినది, మెడలోని గుండ్లు అమ్మినది. ఇల్లు కట్టినప్పుడు కూడ అమ్మ చేయి ఉన్నది. కాగితములన్నీ తమ్ముని పేర. అమ్మ వానియొద్దనే ఉండెను.

2021 ఏప్రిల్‌లో, రెండవసారి కరోనా వచ్చినప్పుడు, వాడు పదకొండు దినములలో వెళ్లిపోయెను. వీలునామా లేదు. మా మరదలు మంచి మనిషి. పిల్లలు నలుగురును మంచివారే. ఎవరును తగవు పెట్టుకొనలేదు. మూడేండ్ల తరువాత మగ్గముల అప్పు తీర్చుటకు ఇల్లు అమ్మవలసి వచ్చినది. సంతకముల దినమున మరదలు, నలుగురు పిల్లలు ఒకరి తరువాత ఒకరు సంతకములు చేసిరి. అమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చి బల్ల మీద కూర్చున్నది. అందరివి అయినంతవరకు ఓపికగా చూచి, బొటనవేలు ముందుకు చాపి అడిగెను: “నా ఏలిముద్ర యాడ ఎయ్యాలె బిడ్డా?”

వకీలు కాగితము తిప్పి చూచెను. అమ్మ వేలిముద్ర అక్కరలేదు. ఆ ఇంటిలో ఆమెకు వాటా లేదు.

ప్రియులారా, నేను సంఘములో పెద్దనై ఇరువది ఏండ్లు దాటినవి. పదిమంది ఇండ్లలో పంపకములకు కూర్చున్నాను. ఈ ఒక్క సంగతి నాకు ఆ దినము వరకు తెలియదు. అందుచేత బడిపంతులును గనుక లెక్క వేసి చూపుచున్నాను.

వీలునామా లేకుండా చనిపోయిన భారత క్రైస్తవుని ఆస్తికి 1925 నాటి ఇండియన్ సక్సెషన్ చట్టము వర్తించును. ఆయనకు భార్య, పిల్లలు ఉన్నయెడల భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమముగా. ఇల్లు 12 లక్షలనుకొనండి. భార్యకు 4 లక్షలు, నలుగురు పిల్లలకు తలా 2 లక్షలు. తల్లికి? సున్న. పిల్లలు ఉన్నంతవరకు ఆ చట్టములో తల్లి పేరు రాదు. ఇప్పుడు మన పక్కింటి పద్మశాలి సోదరుడు అట్లే చనిపోయెననుకొనండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆయన స్వార్జితములో భార్యకు, తల్లికి, నలుగురు పిల్లలకు, మొత్తము ఆరుగురికి సమానము: తలా 2 లక్షలు. ఒకే గల్లీ, ఒకే నేత, గోడకు అటువైపు తల్లికి 2 లక్షలు, ఇటువైపు తల్లికి ఏమియు లేదు. దక్షిణ మహారాష్ట్రకు వలస వచ్చిన మన పెద్దలు ఈ తేడా తెలిసి వచ్చినవారు కారు. వారి మనుమలమైన మనకైనను తెలియవలెను గదా.

పోషణ అడిగే హక్కు తల్లికి లేకపోలేదు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము క్రింద ఆమె కుమారులను, కుమార్తెలను, యుక్తవయసు వచ్చిన మనుమలను కూడ అడుగవచ్చును. అయితే అది అడుగవలసిన అన్నము. తన సొమ్ముతో కట్టిన ఇంటిలో కూర్చుని తినే అన్నము వేరు.

యోహాను 19వ అధ్యాయము చూడండి. ప్రభువు సిలువ మీద ఉన్నప్పుడు ఆయనకున్న ఆస్తి ఒంటి మీది బట్టలే. అందులో అంగీ కుట్టు లేని నేత. అది చింపరాదని సైనికులు చీట్లు వేసికొనిరి. నేతపని చేయు మనకు దాని విలువ వారికంటె బాగుగా తెలియును. ఆ అంగీ కూడ పోయిన తరువాత, పంచియిచ్చుటకు చేతిలో ఏమియు లేనివాడు, తల్లి ఇకమీదట ఎవరి ఇంట ఉండవలెనో పేరు పెట్టి చెప్పెను. మరణవేదనలో ఆయనకు తీరిక దొరికినది. నా తమ్మునికి, నాకు అరవై ఏండ్లలో తీరిక దొరకలేదు.

“వీలునామా వ్రాయుట అశుభము, వ్రాసిన వెంటనే పోతారు” అని మన ఇండ్లలో అంటారు. హిజ్కియా రాజు మాట గుర్తుచేసికొనండి. ఇల్లు చక్కబెట్టుకొనుమని యెషయా చెప్పిన తరువాత ఆయన 15 సంవత్సరములు బ్రతికెను.

ఇక వ్రాయు విధము. ఇది కష్టమైన పని కాదు. తెల్ల కాగితము మీద, మనకు వచ్చిన తెలుగులోనే వ్రాయవచ్చును. స్టాంపు కాగితము అక్కరలేదు. వ్రాసినవాడు సంతకమో వేలిముద్రయో వేయవలెను. కనీసము ఇద్దరు సాక్షులు దానిని చూచి, ఆయన ఎదుటనే సంతకములు చేయవలెను. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయించుట మంచిది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టములో సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచిపెట్టు ఏర్పాటు కూడ ఉన్నది. అది మన కాలపు మట్టికుండ. మునుపు కోర్టు ప్రొబేటు భయము ఉండెడిది. 2002 సవరణతో భారత క్రైస్తవుల వీలునామాలకు ఆ నిర్బంధము తొలగించబడినది.

రెండు చోట్ల మనవారు తప్పు చేయుదురు. ఒకటి, ఆస్తి పొందువానినే సాక్షిగా పెట్టుట. సాక్షికి గాని, సాక్షి భార్యకు లేక భర్తకు గాని వ్రాసినది చెల్లదు. రెండు, వీలునామా వ్రాసిన తరువాత పెండ్లి చేసికొనుట. మనకు వర్తించు చట్టములో పెండ్లితో పాత వీలునామా రద్దగును. భార్య పోయి మరల పెండ్లాడినవారు మొదటి భార్య పిల్లలను తలచుకొని మరల వ్రాయవలెను.

నామినీ పేరు ఉన్నది గదా, చాలదా అని అనేకులు అడుగుదురు. చాలదు. ఎల్.ఐ.సి. సొమ్ము విషయములో నామినీ డబ్బు అందుకొను చేయి మాత్రమే, వారసులకు అప్పగించవలసినవాడని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పినది. తరువాత 2015లో బీమా చట్టమును సవరించి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైనచో ఆ సొమ్ము వారిదే అనిరి. బ్యాంకు ఖాతాకు మాత్రము పాత మాటే. కనుక నామినీ వేరు, వీలునామా వేరు. రెండింటిలోను ఒకే మాట ఉండునట్లు చూచుకొనండి.

కుమార్తెల సంగతి. “పెండ్లి చేసినాము, బంగారము పెట్టినాము, ఇక వాటా ఏమిటి” అని అనువారు ఉన్నారు. మనకు వర్తించు చట్టములో కుమారుడు, కుమార్తె సమానము. తండ్రి బ్రతికియుండగా ఒక బిడ్డకు ఇచ్చినది తరువాత వాటాలో తగ్గించుటకు వీలులేదు. కేరళలో మేరీ రాయ్ అను క్రైస్తవ స్త్రీ తన తండ్రి ఆస్తి కొరకు పోరాడగా 1986లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్రమునకు కూడ ఈ చట్టమునే నిలిపినది. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట నిలిచి అడిగినదియు ఇదే.

కార్ఖానాదారులైన సహోదరులకు ఒక మాట. చనిపోయినవాని ఆస్తి వారసుల చేతికి వచ్చుటకు ముందు అప్పులు తీరవలెను. అందులోను వరుస ఉన్నది. అంత్యక్రియల ఖర్చు, కోర్టు ఖర్చు అయిన తరువాత, ఆఖరి మూడు నెలలలో పనిచేసిన కూలివాని, చేతిపనివాని, ఇంటి పనివాని జీతము ముందు; సేఠు అప్పు, బ్యాంకు అప్పు తరువాత. ఆ చట్టము 322వ సెక్షను చదివినప్పుడు నాకు యాకోబు పత్రిక 5వ అధ్యాయము జ్ఞాపకము వచ్చెను. కనుక మీ వద్ద నేయువారికి, కండెలు చుట్టు ఆడవారికి ఎంత బాకీయో ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టండి. నా తమ్ముడు అది మాత్రము వ్రాసియుంచెను. ముగ్గురికి పైసాతో సహా ఇచ్చితిమి.

స్త్రీలు కూడ వినవలెను. కుంభారి వైపు బీడీ కార్మిక స్త్రీల పేరనే ఇండ్లు వచ్చినవి; 2024 జనవరిలో రేనగర్‌లో 15,000 ఇండ్లు పంచిరి. ఇల్లు మీ పేరనుంటే వీలునామా కూడ మీరే వ్రాయవలెను. ఊరిలో, అంటే తెలంగాణలో, తాత పేర పొలమున్నవారు ఇక్కడి వారస్ నోందుతో సరిపెట్టుకొనక అక్కడ విరాసత్ చేయించుకొనండి. 2025లో ధరణికి బదులు భూభారతి వచ్చినది. పేరు మారినంత మాత్రాన తాత పేరు తనంతట తాను మారదు.

సంఘమునకు వ్రాయుట గూర్చి సంఘపెద్దగా నేనే చెప్పుట మేలు. క్రైస్తవుడు ధర్మకార్యములకు వ్రాయుటకు పూర్వము కఠినమైన అడ్డంకులుండెను. 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసినది. ఇప్పుడు స్వేచ్ఛగా వ్రాయవచ్చును. అయితే మార్కు 7వ అధ్యాయములో కొర్బాను అని చెప్పి తల్లిదండ్రులకు ఎగవేసినవారిని ప్రభువు ఎట్లు గద్దించెనో చదివి, అమ్మ గది సంగతి తేల్చిన తరువాత సంఘము వద్దకు రండి.

కొందరు “ఎందుకీ గొడవ, బ్రతికియుండగానే పిల్లల పేర గిఫ్టు చేసెదము” అందురు. గిఫ్టు డీడు మరల వెనుకకు రాదు. చూచుకొందురను షరతు అందులో వ్రాయించినవారికి మాత్రము 2007 చట్టము 23వ సెక్షను అండ ఉన్నది. షరతు లేకుండ ఇల్లు వ్రాసియిచ్చి, ఆ ఇంటి అరుగు మీద పడుకొనువారిని నేను చూచితిని.

నేను చేసినది చెప్పెదను. ఇల్లు నా భార్యకు వ్రాసితిని. అందులో ముందు గదిలో అమ్మ బ్రతికినంతకాలము ఉండు హక్కు ఆమెకు వ్రాసితిని. అది తీసివేయుటకు, ఆ గది అమ్ముటకు ఎవరికిని అధికారము లేదు. నా పదవీ విరమణ సొమ్ములో ఒక భాగమును వీలునామాలోనే ట్రస్టుగా పెట్టితిని. నా పెద్ద కుమార్తె దానికి ధర్మకర్త. వడ్డీ నెలనెలా అమ్మ చేతికే, మందులకు, ఆమె ఇష్టానికి. ఆమె తరువాత అసలు నా ముగ్గురు పిల్లలకు సమముగా. బుద్ధిమాంద్యము గల బిడ్డలున్నవారికి ఈ పద్ధతి మరి అవసరము. అట్టి బిడ్డలకు చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుకొనుటకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము కూడ ఉన్నది. వకీలుకు ఒక పూట పట్టినది.

సాక్షి సంతకములకు పక్కింటి మిత్రుడు, మా వీధి డాక్టరు వచ్చిరి. అమ్మకు 86 ఏండ్లు, చెవులు సరిగా వినబడవు. కాగితమంతయు బిగ్గరగా చదివి వినిపించితిని. విన్నది, తల ఊపినది. తరువాత కుర్చీ దగ్గరకు జరుపుకొని బొటనవేలు చాపినది.

“ఇండ్ల నా ఏలిముద్ర కావాల్నా?”

“వద్దమ్మా. నువ్వు సాక్షిగా వేస్తే నీకు రాసింది చెల్లదు.”

చేయి వెనక్కు తీసికొని కొంగు క్రింద పెట్టుకొన్నది. “గట్లయితే ఎయ్య” అన్నది.